ఆడడానికేనా భాయ్?

జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారం. మా పెద్దోడు సాయంత్రం ఇంటికొస్తూనే బ్యాగు మంచం మీద పడేసి, "అబ్బా, మా పీఈటీ సార్ హాకీ టీమ్ పెడుతున్నాడు. స్టిక్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలంట" అన్నాడు. వాడికి పద్నాలుగు. పక్కన కూర్చుని చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటున్న వాడి చెల్లికి పదమూడు. "ఆడపిల్లలకు కూడా ఉందంట. నాకూ కావాలి" అంది. మా ఖానదాన్‌లో క్రికెట్ బ్యాట్ అడగని పిల్లాడు లేడు. మా మామూ తర్వాత హాకీ కర్ర అడిగినవాళ్లు మాత్రం నాకు తెలిసి వీళ్లిద్దరే.

ఆదివారం జొహర్ నమాజ్ కాగానే స్పోర్ట్స్ దుకాణానికి వెళ్లాను. "హాకీ స్టిక్ చూపించండి" అన్నానో లేదో, గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన నన్ను కింది నుంచి పైదాకా ఓసారి చూసి అడిగాడు: "ఆడడానికేనా భాయ్?"

నాకు మొదట అర్థం కాలేదు. ఆయన గుమ్మం పక్కనున్న ప్లాస్టిక్ డ్రమ్ము వైపు వేలు చూపించాడు. అందులో బరువైన చెక్క కర్రలు పొయ్యి కట్టెల్లా నిలబెట్టి ఉన్నాయి. "అవి బండ్లో పెట్టుకోడానికి కొంటారు. షాపుల్లో, వాచ్‌మెన్ల దగ్గర పెట్టుకోడానికి కొంటారు. వాటికి ఎవరూ సైజు అడగరు. ఆడేవి లోపలున్నాయి. పిల్లల ఎత్తెంతో చెప్పండి" అన్నాడు.

నేను పేపర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఇన్నేళ్ల డెస్కు నౌకరీలో 'హాకీ స్టిక్' అనే మాటను స్పోర్ట్స్ పేజీలో కన్నా క్రైమ్ వార్తల్లోనే ఎక్కువసార్లు దిద్దాను. 'హాకీ స్టిక్కులతో దాడి', 'కారులో హాకీ స్టిక్కులు స్వాధీనం'. ఇక సినిమాల సంగతి చెప్పక్కర్లేదు. విలన్ మనుషులు జీపు దిగితే చేతుల్లో ఉండేది అదే. ఆ కర్రతో ఎవరైనా బంతిని కొట్టిన సీను నాకైతే గుర్తులేదు. ఇంటికొచ్చి దుకాణం ముచ్చట చెబితే పిల్లల అమ్మీ నవ్వలేదు. "మన పేరున్న పిల్లోడు, చేతిలో ఆ కర్ర పట్టుకుని, పొద్దున ఐదున్నరకు చీకట్లో రోడ్డు మీద నడుచుకుంటూ పోతాడా?" అంది.

ఆ మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. నెల రోజులు ఆ కర్ర దాస్తాన్ చదువుతూ, దుకాణాలు తిరుగుతూ, మా మామూ దగ్గర కూర్చుంటూ తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. పిల్లలకు మొదటిసారి హాకీ సామాను కొనే అబ్బాలకూ అమ్మీలకూ ఏది కొనాలో తెలియాలి. ఆ కర్ర ఎవరి చేతుల్లోంచి మన దాకా వచ్చిందో కూడా తెలిస్తే ఇంకా మంచిది.

క్రికెట్ బంతితో మొదలైన ఆట

ఇవాళ మనం చూసే హాకీ 19వ శతాబ్దం రెండో సగంలో ఇంగ్లండ్‌లో రూపం దిద్దుకుంది. లండన్ దగ్గర టెడింగ్టన్‌లో క్రికెట్ ఆడే మనుషులు చలికాలం ఖాళీగా ఉండలేక, తమ దగ్గరున్న క్రికెట్ బంతితోనే కర్రలు పట్టుకుని ఆడడం మొదలుపెట్టారు. 1886లో హాకీ అసోసియేషన్ ఏర్పడి ఆటకు కాయదాలు రాసింది. అంగ్రేజీ ఫౌజు ఆ ఆటను మన ముల్క్‌కు తెచ్చింది. కంటోన్మెంట్లలో సిపాయిలు నేర్చుకున్నారు. 1895లో కలకత్తాలో బైటన్ కప్ మొదలైంది. దేశంలోని పాత టోర్నమెంట్లలో అదొకటి.

ఆ క్రికెట్ బంతి పోయింది కానీ దాని బరువు పోలేదు. ఇప్పటి హాకీ బంతి 156 నుంచి 163 గ్రాములు ఉండాలి. దాదాపు క్రికెట్ బంతి బరువే. క్రికెట్‌లో ఆ బంతిని ఎదుర్కొనేవాడికి కాళ్లకు ప్యాడ్లుంటాయి. హాకీలో గోల్‌కీపర్లిద్దరిని తీసేస్తే మిగతా ఇరవై మంది కాళ్ల మధ్యే అది తిరుగుతుంది. పైగా కొత్తగా నేర్చుకునే పిల్లల దెబ్బ ఎటు పోతుందో వాళ్లకే తెలియదు. బంతికి తగలాల్సిన కర్ర పక్కవాడి పిక్కకు తగులుతుంది.

అందుకే నా మొదటి మాట. దుకాణంలోకి వెళ్లగానే కర్ర వైపు చూడకండి. షిన్ గార్డుల వైపు చూడండి. మోకాలి కింది నుంచి చీలమండ దాకా ముంగాలి ఎముకను కప్పేలా, బయట గట్టి ప్లాస్టిక్, లోపల మెత్తటి ఫోమ్ ఉన్నవి తీసుకోండి. ఫుట్‌బాల్ షిన్ గార్డులు సన్నగా, పొట్టిగా ఉంటాయి. అవి ఇంట్లో ఉన్నాయి కదా అని సరిపెట్టకండి. రెండోది మౌత్ గార్డ్. వేడినీళ్లలో మెత్తబరిచి పళ్ల మధ్య పెట్టి కొరికితే ఆ పిల్లాడి పళ్ల అచ్చు దాని మీద పడుతుంది. దానికయ్యే ఖర్చు తక్కువే. విరిగిన పన్ను కట్టించుకోవాలంటే ఎంతవుతుందో డెంటిస్టు దగ్గరికి వెళ్లినవాళ్లకు తెలుసు.

శహ్‌తూత్ చెట్టు, సియాల్‌కోట్ కారీగర్లు

అంగ్రేజ్‌లు తెచ్చిన కర్రకు కింది వంపు పొడుగ్గా ఉండేది. ఇంగ్లండ్‌లో దొరికే యాష్ చెట్టు కలపతో చేసేవాళ్లు. ఆ కలపను మరీ గుండ్రంగా వంచడం కష్టం. అంత పొడుగు ముక్కు ఉన్న కర్రతో బంతిని గట్టిగా కొట్టొచ్చు కానీ కుడికీ ఎడమకూ చకచకా తిప్పలేరు. ఎందుకంటే హాకీ కర్రకు ఎడమ వైపు ముఖం మాత్రమే చదునుగా ఉంటుంది. ఆ వైపుతోనే బంతిని ఆడాలి. బంతి అవతలి పక్కకు పోతే కర్రను మణికట్టుతో తిరగేసి ముక్కు చివరతో లాక్కోవాలి. ముక్కు పొడుగైతే అది నేలకు తట్టుకుంటుంది.

ఆ ఇబ్బందిని తీర్చింది మన వైపు కారీగర్లే. పంజాబ్‌లో శహ్‌తూత్ చెట్లు మానులుగా పెరుగుతాయి. హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగులకు ఆకు కోసే మల్బరీ అంటే అదే ఖానదాన్ చెట్టు. కాకపోతే మన దగ్గర పొదలాగే ఉంచుతాం. శహ్‌తూత్ కలప గట్టిది, పీచు నిడివైనది. ఆవిరి పట్టి వంచితే పగలకుండా గుండ్రంగా వంగుతుంది. దానితో ముక్కు పొట్టిగా, వంపు బిగుతుగా ఉండే కర్ర తయారైంది. ప్రపంచం దాన్ని 'ఇండియన్ హెడ్' అని పిలిచింది. పిడికి బెత్తం ముక్కలు అతికి, చేతికి అదురు తగలకుండా మధ్యలో రబ్బరు పట్టీలు పెట్టి, దారం చుట్టి, చిత్రిక పట్టేవాళ్లు. ఈ పనికి సియాల్‌కోట్ షహర్ పెట్టింది పేరు. యజమానుల్లో హిందువులు, సిక్కులు ఉండేవాళ్లు. కార్ఖానాల్లో ముస్లిం కారీగర్లు చాలామంది. కర్రను వంచిన చేయి ఒకరిది, అమ్మిన దుకాణం ఇంకొకరిది, ఆడిన మణికట్టు మరొకరిది.

ఇవాళ దుకాణంలో మెరిసే కార్బన్ కర్ర కింది వంపు చూడండి. ముక్కు పొట్టిగానే ఉంటుంది. చెక్క పోయింది కానీ శహ్‌తూత్ నేర్పిన ఆకారం పోలేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం. మా అమ్మాయిది ఎడమచేతి వాటం. "దానికి లెఫ్ట్ హ్యాండ్ స్టిక్ కావాలి" అని అడిగాను. దుకాణదారు నవ్వాడు. హాకీలో ఎడమచేతి కర్ర అంటూ లేదు. అందరికీ ఒకే కర్ర. పైన ఎడమ చేయి, కింద కుడి చేయి. కర్రను తిప్పేది పైనున్న ఎడమ చేయే కాబట్టి ఎడమచేతి వాటం పిల్లలు జంకాల్సిన పనే లేదు.

పదహారేళ్లకు మొదలుపెట్టిన మనిషి

పద్నాలుగేళ్లొచ్చాక ఇంకేం నేర్చుకుంటాడని కొందరు అబ్బాలు అంటారు. ధ్యాన్‌చంద్ 1905లో పుట్టారు. 1922లో ఫౌజులో చేరినప్పుడు ఆయనకు పదహారేళ్లు నిండి పదిహేడో ఏడు. అంతకుముందు తాను హాకీ ఆడినట్టు చెప్పుకోదగ్గ జ్ఞాపకమే లేదని తన ఆపబీతీలో రాసుకున్నారు. పల్టన్‌లో సుబేదార్ మేజర్ బాలే తివారీ ఆయనకు ఉస్తాద్ అయ్యారు. ఆరేళ్ల తర్వాత, 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆ సిపాయి 14 గోల్స్ కొట్టాడు. భారత్ బంగారు పతకం గెలిచింది. ఆ టోర్నమెంట్‌లో మన గోల్‌లోకి ఒక్క బంతీ రాలేదు.

ఆయన కర్రలో అయస్కాంతం ఉందేమోనని విదేశాల్లో విరగ్గొట్టి చూశారని ఒక కిస్సా ఉంది. ఉస్తాదులు పిల్లలకు తప్పకుండా చెప్పే కిస్సా అది. నిజమో కాదో గానీ అందులో ఒక మాట నాకు నచ్చింది. విరగ్గొట్టి చూస్తే లోపల ఉన్నది చెక్కేనట! కొత్తగా నేర్చుకునే పిల్లాడికి పదిహేను వేల కర్ర కొనాలా అని ఎవరైనా అడిగితే ఈ కిస్సాయే చెబుతున్నాను.

1932లో లాస్ ఏంజెలెస్‌కు వెళ్లిన టీమ్‌కు కెప్టెన్ లాల్ షా బుఖారీ. అక్కడ అమెరికాను 24-1తో ఓడించారు. 1936లో బెర్లిన్‌కు ధ్యాన్‌చంద్ కెప్టెన్. ఆయన పక్కన ఆడినవాళ్లలో భోపాల్ నుంచి వెళ్లిన అహ్మద్ షేర్ ఖాన్, అహ్సన్ మొహమ్మద్ ఖాన్ ఉన్నారు. ఒలింపిక్స్‌కు ముందు ప్రాక్టీసు మ్యాచ్‌లో జర్మనీ చేతిలో ఓడిపోయేసరికి ధ్యాన్‌చంద్ తార్ కొట్టించి అలీ ఇక్తిదార్ షా దారాను పిలిపించుకున్నారు. ఆయన విమానంలో వచ్చి ఆడారు.

ఫైనల్ ఆగస్టు 14న జరగాల్సింది. వాన పడి 15కు మారింది. మైదాన్ తడిగా ఉంది. మొదటి సగంలో మనవాళ్లు కొట్టింది ఒక్క గోలే. రెండో సగంలో ధ్యాన్‌చంద్ స్పైకుల బూట్లు, మేజోళ్లు తీసేసి రబ్బరు సోలుతో ఆడారు. జనం నోట్లో అది 'ఉత్త కాళ్లతో ఆడాడు' అయింది. చివరికి 8-1.

దీన్నుంచి మనం నేర్చుకోవాల్సింది బూట్లు విప్పేయమని కాదు. నేలను బట్టి బూట్లు ఉండాలని. పిల్లలు మట్టి గ్రౌండ్‌లో మొదలుపెడితే మంచి పట్టున్న మామూలు కాన్వాస్ లేదా స్పోర్ట్స్ బూట్లు చాలు. టర్ఫ్ మీదకు వెళ్లే రోజు వస్తే కింద చిన్న చిన్న రబ్బరు బుడిపెలు చాలా ఉండే టర్ఫ్ బూట్లు అప్పుడు కొనొచ్చు. క్రికెట్ స్పైకులు మాత్రం వద్దు. వచ్చే ఏడు కాలు పెరుగుతుందని రెండు సైజులు పెద్దవి కొనడం మన ఇళ్లలో రివాజు. ఈ ఒక్క చోట ఆ రివాజు మానుకోండి. వంగి పరిగెత్తే ఆటలో వదులు బూటు చీలమండను మడతేస్తుంది.

రెండు వైపులా హిజ్రత్

బెర్లిన్ ఫైనల్ జరిగిన ఆగస్టు 15కు సరిగ్గా పదకొండేళ్లకు ముల్క్ ఆజాదైంది, ముక్కలైంది. సియాల్‌కోట్ పాకిస్తాన్‌కు పోయింది. అక్కడి హిందూ, సిక్కు యజమానులు, పనివాళ్లు ఇటు వచ్చి జలంధర్ బస్తీల్లో, మేరఠ్‌లో మళ్లీ కొలిమి రాజేసుకున్నారు. జలంధర్ ముస్లింలు అటు వెళ్లిపోయారు. బస్తీ దానిష్‌మందాన్, బస్తీ షేఖ్ అనే పేర్లు మాత్రం అక్కడే ఉండిపోయాయి. ఇవాళ మీరు కొనే దేశవాళీ హాకీ కర్ర జలంధర్ నుంచో మేరఠ్ నుంచో వచ్చి ఉంటుంది. దాని వెనక ఎవరో ఒకరి వలస ఉంది.

ఆటగాళ్లూ అలాగే చీలిపోయారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఆజాద్ భారత్ మొదటి హాకీ బంగారం గెలిచినప్పుడు టీమ్‌లో అఖ్తర్ హుస్సేన్, లతీఫుర్రహ్మాన్ ఉన్నారు. తర్వాత ఆ ఇద్దరూ పాకిస్తాన్ తరఫున ఆడారు. బెర్లిన్‌లో ధ్యాన్‌చంద్ పిలిపించుకున్న దారా అదే లండన్‌కు పాకిస్తాన్ కెప్టెన్‌గా వచ్చారు. 1960లో రోమ్ ఫైనల్‌లో పాకిస్తాన్ మనల్ని 1-0తో ఓడించింది. 1964లో టోక్యోలో మనం అదే స్కోరుతో జవాబిచ్చాం. రెండు వైపులా చేతుల్లో ఉన్నది శహ్‌తూత్ కర్రే.

అహ్మద్ షేర్ ఖాన్ ఇక్కడే ఉన్నారు. ఆయన కొడుకు అస్లం షేర్ ఖాన్ 1975లో కౌలాలంపూర్ వరల్డ్ కప్‌కు వెళ్లాడు. సెమీ ఫైనల్‌లో మలేషియా 2-1తో ముందుంది. సమయం అయిపోతోంది. బెంచి మీద కూర్చున్న అస్లంను పెనాల్టీ కార్నర్ కోసం లోపలికి పంపారు. అతను మెడలోని తావీజును ముద్దు పెట్టుకుని కొట్టాడంటారు. గోల్. స్కోరు సమమైంది, అదనపు సమయంలో భారత్ గెలిచింది. ఫైనల్‌లో పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి వరల్డ్ కప్ తెచ్చారు. నిర్ణయించిన గోల్ కొట్టింది ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్. 1936లో ఒకే టీమ్‌లో ఆడిన ఇద్దరు తండ్రుల కొడుకులు 1975లో ఒకే కప్పు పట్టుకున్నారు. మా మామూకు ఈ ముచ్చట చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు బొంగురుపోతుంది.

మన హైదరాబాద్ కూడా తక్కువేం కాదు. ఏడు ఆటలు ఆడి 'రెయిన్‌బో' అనిపించుకున్న సయ్యద్ మొహమ్మద్ హాదీ ఇక్కడివారే. ఆ ఏడింటిలో హాకీ ఒకటి. తర్వాతి జమానాలో ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో మూడుసార్లు ఆడారు.

చెక్క ఓడిపోయిన చోట

1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి హాకీని గడ్డి మీద కాకుండా కృత్రిమ టర్ఫ్ మీద ఆడించారు. భారత్ ఏడో స్థానానికి పడిపోయింది. 1980లో మాస్కోలో మళ్లీ బంగారం వచ్చింది. ఆ టీమ్‌లో బనారస్ మొహమ్మద్ షాహిద్, జఫర్ ఇక్బాల్ ఉన్నారు. ఆ తర్వాత ఒలింపిక్ హాకీలో మళ్లీ ఏ పతకమైనా చూడడానికి టోక్యో దాకా, అంటే 2021 దాకా ఆగాల్సి వచ్చింది.

టర్ఫ్ మనకు ఖరీదైంది. గడ్డి మీద బంతి ఆగుతూ, ఎగురుతూ వస్తుంది. మణికట్టు హునర్ అక్కడ పనికొస్తుంది. టర్ఫ్ మీద అది అద్దం మీద జారినట్టు వస్తుంది. వేగం, దమ్ము కావాలి. పైగా టర్ఫ్‌ను నీళ్లతో తడిపి ఆడతారు. తడి చెక్కకు దుష్మన్. ముందు చెక్క మీద ఫైబర్ పట్టీలు చుట్టి చూశారు. 1990ల్లో ఫైబర్ గ్లాస్, కార్బన్ కలిపిన కాంపోజిట్ కర్రలు వచ్చి చెక్కను పక్కకు నెట్టేశాయి. ఇప్పటి కాయదా ప్రకారం లోహం తప్ప ఏ పదార్థంతోనైనా కర్ర చేయొచ్చు. బరువు 737 గ్రాములు మించకూడదు. 51 మిల్లీమీటర్ల రింగులోంచి కర్ర మొత్తం దూరి బయటికి రావాలి. లాడ్ బజార్ లెక్కలో చెప్పాలంటే రెండు అంగుళాల గాజు. పక్క అంచు వైపు నుంచి చూస్తే కర్రకు విల్లులాంటి చిన్న వంపు ఉంటుంది. దాన్ని 'బో' అంటారు. అది 25 మిల్లీమీటర్లు దాటకూడదు.

చెక్క ఓడిపోయింది కాబట్టి మొదటి కర్ర కార్బన్‌దే కొనాలా? అక్కర్లేదు. మీ పిల్లలు నేర్చుకునేది ఏ నేల మీదో చూడండి. మన దగ్గర చాలా బడుల్లో అది గులకరాళ్లున్న మట్టి గ్రౌండే. దాని మీద మొదటి ఆరు నెలలకు తేలికైన మంచి చెక్క కర్ర చాలు. కాంపోజిట్ కొనదలిస్తే కార్బన్ శాతం తక్కువగా, పదీ ఇరవై మధ్య ఉన్నది తీసుకోండి. కార్బన్ పెరిగేకొద్దీ కర్ర బిరుసవుతుంది. గట్టిగా కొట్టేవాడికి అది లాభం. బంతి ఆపడమే ఇంకా రానివాడికి నష్టం, బంతి తగిలి ఎగిరిపోతుంది. బో విషయంలోనూ అంతే. 'లో బో', 'డ్రాగ్ ఫ్లిక్' అని రాసి ఉన్నవి పెనాల్టీ కార్నర్ కొట్టే పెద్దవాళ్ల కోసం. వాటితో కొత్త పిల్లలు కొడితే బంతి లేస్తుంది, ఎవరి మొహానికో తగులుతుంది. 20 మిల్లీమీటర్ల దగ్గర బో ఉండే మామూలు 'మిడ్ బో' అడగండి. 'ఇండోర్' అని రాసి ఉన్నది సన్నగా ఉంటుంది, బయట ఆడడానికి పనికిరాదు.

అన్నిటికన్నా ముఖ్యం పొడవు. కర్రను పిల్లల పక్కన నిటారుగా నిలబెడితే పై కొస తుంటి ఎముక పైభాగానికి రావాలి. ఐదడుగుల పిల్లలకు సుమారు 35 అంగుళాలు, ఐదున్నర అడుగులకు 36 లేదా 36.5. పెద్దది కొంటే రెండేళ్లు వస్తుందని ఆశ పడతాం. పొడుగు కర్ర పట్టిన పిల్లాడు నడుం వంచడు. వంగకపోతే ఈ ఆట రాదు. చివరగా బరువు. 500 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉన్నది వెతకండి. ఎడమ చేత్తో కర్ర పై కొస పట్టుకుని ముందుకు చాచి మణికట్టు అటూ ఇటూ తిప్పమనండి. పదిసార్లు తిప్పేలోపు చేయి వణికితే అది మీ పిల్లలది కాదు.

నేను తిరిగిన దుకాణాల్లో చెక్కవి వెయ్యి లోపే ఉన్నాయి. కాంపోజిట్ రెండు మూడు వేల నుంచి మొదలవుతుంది. గోల్‌కీపర్ సామాను మాత్రం వేలల్లో ఉంటుంది, అది బడి కొనాల్సిన సామాను. తల్లిదండ్రుల నెత్తిన వేస్తే మర్యాదగా అడగండి.

అమ్మాయి సంగతి

మా అమ్మాయి అడిగినప్పుడు ఇంట్లో ఒకరిద్దరు పెద్దలు గొంతు సవరించుకున్నారు. నేను యెటిమర్పు రజని ముచ్చట చెప్పాను. చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టిన తెలుగు పిల్ల. దేశానికి గోల్‌కీపర్ అయి రియోకూ టోక్యోకూ వెళ్లింది. టోక్యోలో మన అమ్మాయిలు నాలుగో స్థానంలో నిలిచారు. బట్టల గురించి అడిగారు. ట్రాక్ ప్యాంటు, నిండు చేతుల టీషర్టు వేసుకుని ప్రాక్టీస్ చేయొచ్చు. షిన్ గార్డులు లోపల తొడుక్కునేలా ప్యాంటు కాస్త వదులుగా ఉండాలి. తలకు కట్టుకునేది పిన్నులు లేనిదై, మెడ దగ్గర వేలాడకుండా ఉండాలి. పిన్ను గుచ్చుకునేది కట్టుకున్న పిల్లకే కాదు, ఢీకొన్న పిల్లకు కూడా. ఇది చెప్పాక మాట్లాడినవాళ్లు ఊరుకున్నారు. మా అమ్మీ ఒక్కతే, "పళ్లకు పెట్టుకునేది దీనికి కూడా కొన్నావా?" అని అడిగింది. కొన్నాను.

సంచి

ఇక పిల్లల అమ్మీ అడిగిన మాట. ఆ నెలలోనే ఒక పొద్దున మా వాడు ప్రాక్టీసుకు పోతుంటే దారిలో ఆపి, ఆ కర్ర ఎందుకని అడిగారు. పేరు అడిగారు. బడి పేరు అడిగారు. వాడు చెప్పాడు. వదిలేశారు. అంతే జరిగింది. కానీ వాడు ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పకుండా రెండు రోజులు కడుపులోనే పెట్టుకున్నాడు. మూడో రోజు ప్రాక్టీసుకు పోనన్నాడు. అప్పుడు బయటపడింది.

నాకు కోపం వచ్చింది. తర్వాత దుకాణదారు సవాల్ గుర్తొచ్చింది. ఆయనకూ, రోడ్డు మీద ఆపినవాళ్లకూ ఆ కర్రను చూస్తే ముందు గుర్తొచ్చేది ఆట కాదు. ఆడేవాళ్లు మైదానం వదిలేసి కొట్టేవాళ్లకు కర్ర వదిలేస్తే ఇలాగే అవుతుంది. అహ్మద్ షేర్ ఖాన్ పట్టిన కర్ర, అస్లం పట్టిన కర్ర, షాహిద్ పట్టిన కర్ర మన పిల్లల చేతిలో ఉంటే సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన రోజు వచ్చింది. భయపడి ఆ కర్రను ఇంట్లో దాచేస్తే ఆ రోజు పోదు.

కాబట్టి సామాను జాబితాలో ఇంకొకటి రాసుకోండి. స్టిక్ బ్యాగ్. కర్ర, బంతి, షిన్ గార్డులు, నీళ్ల సీసా అన్నీ పట్టే పొడుగు సంచి. దాని జేబులో బడి గుర్తింపు కార్డు. వీలైతే నలుగురు పిల్లలు కలిసి వెళ్లేలా చూడండి. మొదటి వారం ఒక పెద్దమనిషి వెంట నడవండి. నేను నడిచాను. ఈ సంచి ఆటకు అవసరమైనది కాదు, మన ఊరికి అవసరమైనది. అది రాయడానికి నాకు ఇష్టం లేదు కానీ రాయకపోతే మీకు సగమే చెప్పినట్టు.

మామూ కర్ర

మా మామూ జవానీలో ఒక సర్కారీ దఫ్తర్ టీమ్‌కు ఆడాడు. ఆయన శహ్‌తూత్ కర్ర ఇప్పటికీ గోడకు మేకు మీద వేలాడుతుంది. పిల్లలిద్దరినీ తీసుకెళ్లి చూపించాను. వాళ్లకు ఆ కర్రే ఇస్తాడేమో, వద్దంటే నొచ్చుకుంటాడేమో అని దారంతా ఆలోచించాను. విరాసత్‌గా వచ్చిన కర్రలు చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటితో పిల్లలను మొదలుపెట్టించకండి. ఎండి, లోపల చీలి ఉంటాయి, పెద్దవాళ్ల బరువుకు చేసినవి.

మామూ కర్ర దించాడు. మా వాడి పక్కన నిలబెట్టి చూశాడు. తుంటి దాటి నడుం పైకి వచ్చింది. "పొడుగెక్కువ, బరువెక్కువ" అని తనే మళ్లీ మేకుకు తగిలించాడు. కొత్త కర్ర ఇటివ్వమన్నాడు. పట్టుకుని మణికట్టు తిప్పాడు. కింది వంపును బొటనవేలితో తడిమి, "ఇది మనదేలే" అన్నాడు. తర్వాత వాకిట్లో ఇటుక ముక్క పెట్టి, దాని చుట్టూ బంతి ఎలా తిప్పాలో కూర్చున్న కుర్చీలోంచే చెప్పడం మొదలుపెట్టాడు. మగ్రిబ్ అజాన్ దాకా ఆపలేదు.

పోయిన వారం పక్కింటి పిల్లాడి కోసం మళ్లీ ఆ దుకాణానికి వెళ్లాను. పెద్దాయన ఈసారి ఏమీ అడగలేదు. "ఎత్తెంత?" అన్నాడు.